వాగు దాకా విప్పని సంచి

దుర్గాశంకర్ పట్టు పట్టాడంటే ఉడుం పట్టే. మంగళగిరి నేత వీధిలో చంటిపిల్లల్ని అడిగినా ఆ సంగతి చెబుతారు. ఏడాదంతా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చునే మనిషి, చలి ముదిరేసరికి మాత్రం ఇంట్లో నిలవడు. వీపుకి సంచి తగిలించుకుని కొండపల్లి అడవిలోకి నడవాల్సిందే. పెళ్ళికి ముందు మొదలైన అలవాటు అది. తల నెరిసిపోయింది కానీ ఆ అలవాటు మాత్రం పోలేదు.

ఒక్కడే కాదు లెండి, ముగ్గురు. దుర్గాశంకర్, నతానియేలు, వెంకటసుబ్బారావు. పదో తరగతి దాకా ముగ్గురిదీ ఒకే బెంచీ. ఆ తరవాత దుర్గాశంకర్ తన తండ్రి మగ్గంలోనే కూర్చున్నాడు. నతానియేలు విజయవాడలో రైల్వే ఉద్యోగంలో చేరాడు, సుబ్బారావు థర్మల్ స్టేషన్లో. ఎవరి బతుకులు వాళ్ళవి. ఏడాదికోసారి మాత్రం అడవి ముగ్గుర్నీ ఒకచోట చేర్చేది.

వాళ్ళ నడకకి ఒక చిత్రమైన నియమం ఉంది. ఎవరి సంచి వాళ్ళు సర్దుకోకూడదు. దానికి కారణం సుబ్బారావే. మొదటి ఏడు ఆ మహానుభావుడు ఏకంగా ప్రెషర్ కుక్కరూ, ఇడ్లీ ప్లేట్లూ మోసుకొచ్చాడు. సగం కొండెక్కేసరికి నాలుక బయటపెట్టి కూలబడితే, ఆ కుక్కర్ని మిగతా ఇద్దరూ వంతులేసుకుని మోశారు. "ఎవడి సంచి వాడు సర్దుకుంటే భయమంతా అందులో కుక్కుతాడ్రా. పక్కవాడి సంచి సర్దితే వాడికి కావలసిందే పెడతాం," అన్నాడు నతానియేలు. అంతే, అది శాసనమైపోయింది. నతానియేలు సంచి దుర్గాశంకర్ సర్దాలి, దుర్గాశంకర్‌ది సుబ్బారావు, సుబ్బారావుది నతానియేలు. బస్టాండులో సంచులు మార్చుకుంటారు. వాగు చేరేదాకా ఎవరూ విప్పకూడదు.

వాగు ఒడ్డున బల్లపరుపు రాయి మీద కూర్చుని సంచులు విప్పడమే అసలు సంబరం. "ఏం పెట్టావురా?" అని ఒకడు అరవడం, ఇంకొకడు మీసం దువ్వుకోవడం. దుర్గాశంకర్ సంచిలో కాఫీ పొడి, పచ్చిమిర్చి వేసిన మరమరాలు, నడుముకి రాసుకునే మందు తప్పకుండా ఉండేవి. మగ్గం మనిషికి నడుమే శత్రువని సుబ్బారావుకి తెలుసు.

అయితే ఒకడి సంచి సర్దాలంటే వాడి గుట్టంతా తెలియాలి కదా. నతానియేలుకి షుగర్ వచ్చిందని వాడి పెళ్ళాం కంటే ముందు దుర్గాశంకర్‌కే తెలిసింది. "ఈసారి లడ్డూలు పెట్టకురా," అని ఫోన్లో గొణిగితే, గుచ్చి గుచ్చి అడిగి రాబట్టాడు. అప్పట్నుంచీ ఉప్పు బిస్కెట్లు, చపాతీలు, పొట్లకాయ వేపుడు. చలిగాలి సోకితే వాడికి చెవిపోటు, కాబట్టి మఫ్లరు. మామూలుగా దుర్గాశంకర్ పొట్లకాయ వాసనకే ముక్కు మూసుకుంటాడు. అయినా వాడి కోసం ఏటా ఆ డబ్బా తనే మూత బిగించి పెట్టేవాడు.

పోయిన వానాకాలంలో నతానియేలు నిద్రలోనే పోయాడు. సుబ్బారావు అప్పటికే రెండు మోకాళ్ళూ ఆపరేషన్ చేయించుకుని గుడివాడలో ఇంటిపట్టున ఉన్నాడు. సమాధుల తోటలో దుర్గాశంకర్ ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. కుర్చీలు వేయించాడు, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు అందించాడు, పాస్టరు గారికి ఆటో మాట్లాడాడు. రాయిలాంటి మనిషి అనుకున్నారంతా.

చలి మొదలయ్యేసరికి మళ్ళీ పట్టు పట్టాడు. ఈ ఏడు వెళ్ళకపోతే ఆ నడక ఇక ముగిసినట్టే. ముగిసిందని ఒప్పుకోవడం అతని వల్ల కాలేదు.

"ఒక్కరే ఏం వెళ్తారండీ? పడితే చూసే దిక్కుండదు," అంది భార్య రేణుక.

"ఇన్నేళ్ళూ పడ్డానా?"

"ఇన్నేళ్ళూ పక్కన మనుషులున్నారు."

దుర్గాశంకర్ గొంతు పెంచాడు. ఆ సాయంత్రమంతా వాదిస్తూనే సంచి సర్దాడు. నేతగాడికి నోరు ఒకచోట, చేతులు ఒకచోట ఉండటం మామూలే. వీధిలో వాళ్ళతో ఎన్ని కబుర్లు చెప్పినా మగ్గంలో పేక దారం మోసే నాడె తన దారిన తాను తిరుగుతూనే ఉంటుంది. మధ్యలో ఏదో వేపుడు చెయ్యమన్నాడు. రేణుక మూతి ముడుచుకుని ఉంది, ఇదేమిటని అడక్కుండా చేసి పడేసింది.

మర్నాడు అడవి గేటు దగ్గర గార్డు శౌరయ్య అతని వెనక్కి తొంగి చూశాడు.

"మిగతావాళ్ళు వెనకొస్తున్నారాండీ?"

"లేదయ్యా. నేనొక్కణ్ణే."

"అట్టయితే రాత్రికి అడవిలో పడుకోటానికి లేదండి. పొద్దుగూకే లోపు దిగిపోవాలి."

సరేనని నడిచాడు. దారి మారలేదు. ఎర్రమట్టి, ఎండిన ఆకులు, ఎక్కడో ఒక నెమలి అరుపు. నతానియేలు వెనకబడతాడని మలుపు మలుపుకీ ఆగడం అలవాటు. ఈసారి కూడా ఆగాడు. ఆగిన ప్రతిసారీ అడవి మరీ నిశ్శబ్దంగా అనిపించింది. ఎవరి కోసం ఆగానని తనని తాను తిట్టుకున్నాడు. మళ్ళీ తరవాతి మలుపులో ఆగాడు.

వాగులో నీళ్ళు సన్నగా పారుతున్నాయి. బల్లపరుపు రాయి మీద కూర్చుని, నియమం ప్రకారం అప్పుడే సంచి విప్పాడు. పైన మఫ్లరు. దాని కింద ఉప్పు బిస్కెట్లు. చపాతీలు. డబ్బా మూత తీశాడు. పొట్లకాయ.

ఒక్క క్షణం సంచులు మారిపోయాయనుకున్నాడు. "ఒరే, నీది నా దగ్గరకొచ్చిందిరా," అంటూ ఇద్దామని పక్కకి తిరిగాడు.

పక్కన రాయి ఖాళీగా ఉంది.

సంచి అడుగుదాకా తడిమాడు. కాఫీ పొడి లేదు, మరమరాలు లేవు, నడుము మందు లేదు. తన కోసం ఒక్క వస్తువు కూడా పెట్టుకోలేదు. నిన్న వాదిస్తూ సంచి సర్దినవి సమాధి మీద మన్ను పోసిన చేతులే, నతానియేలు లేడని వాటికి ఇంకా తెలియలేదు. ఆ రాయి మీద దుర్గాశంకర్ వెక్కి వెక్కి ఏడ్చాడు. సమాధుల తోటలో రాని ఏడుపంతా అక్కడ వచ్చింది. వద్దని చెప్పేవాడూ లేడు, వీపు మీద చెయ్యి వేసేవాడూ లేడు.

ఏడ్చి ఏడ్చి ఆకలేసింది. చపాతీలో పొట్లకాయ వేపుడు పెట్టుకుని, ముక్కు మూసుకోకుండా, డబ్బా ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. మఫ్లరు చెవులకి చుట్టుకుని కొండ దిగాడు.

రోడ్డు మీదికి వచ్చాక సిగ్నల్ అందింది. సుబ్బారావు నంబరు నుంచి బోలెడు మిస్డ్ కాల్స్. బస్సు కోసం నిలబడి తనే చేశాడు.

"దిగావా? పొద్దుట్నుంచీ ప్రాణం ఉగ్గబట్టుకుని కూర్చున్నానురా. నీ సంచి సర్దలేకపోయాను. కాఫీ పొడి పెట్టుకున్నావా?"

"లేదు."

"మరమరాలో?"

"అవీ లేవు."

"మరి ఏం పెట్టుకుని చచ్చావురా?"

దుర్గాశంకర్ మఫ్లరు కొస సర్దుకున్నాడు.

"నతానియేలు సంచి సర్దానురా."

బస్సొకటి వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది. దుర్గాశంకర్ ఎక్కలేదు. ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాడు.

"మఫ్లరు పెట్టావా వాడికి?" అన్నాడు చివరికి సుబ్బారావు.

"పెట్టాను."

"ఉప్పు బిస్కెట్లు?"

"పెట్టానురా. ఏదీ మర్చిపోలేదు."