అడుగెయ్యని గుర్రం

"అడుగెయ్యని గుర్రానికి గడ్డి దండుగ. రేపే అమ్మేస్త!" అన్నాడు బాపు.

"వద్దు బాపూ! నేను రోజూ ఎక్కుతున్న గద, నేర్సుకుంటది," అన్నాను.

మొన్న మా ఇంటి ముందు పెళ్లి బ్యాండు పోతుంటే నా చిన్నప్పటి ఆ పోట్లాట గుర్తొచ్చింది. టాంగా కోసం కొన్న గుర్రం అది. రోజూ కాలువ దాకా తోలబోతే, నాలుగడుగులకే నిలబడేది. నేనంటే దానికి గిట్టదనుకుని, మెడ నిమిరి బతిమాలేదాన్ని.

మా గొడవ విని అవ్వ నవ్వింది. "పిచ్చిదానా, అది పెండ్లి బరాత్‌ల తిరిగిన గుర్రం. సప్పుడు లేంది ఎట్ల నడుస్తది?"

మర్నాడు పొద్దున్నే గుర్రమెక్కి ఖాళీ నూనె డబ్బా వాయించాను. చెరకు బండ్ల మధ్య నుంచి తలాడిస్తూ కాలువ దాకా నడిచింది. తిరిగొచ్చాక బాపు టాంగా కట్టి, డబ్బాతో సహా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బోధన్ బస్టాండుకు బయల్దేరాడు.