తుడిచి పారబోసిన రాతిపొడి

ఇవాళ పొద్దున గోపాలపట్నంలో మా వంటింటి గిన్నెలు ఉన్నట్టుండి గలగలమన్నాయి. హైవే మీద పెద్ద లారీ ఏదో పోయిందనుకున్నాను; ఈలోపు మనవరాలు ఫోన్ చూపించి, భూమి కంపించిందట తాతయ్యా అంది. మా గురువుగారు గుర్తొచ్చారు.

నా తొలి ఉద్యోగం ఆయన దగ్గరే, రాళ్లను పరీక్షించే ఓ చిన్న ప్రయోగశాలలో. సింహాచలం కొండల వైపు దొరికే ఎర్రమచ్చల రాయిని పలకలుగా కోయించి, ఒకదానిమీద ఒకటి పెట్టి, యంత్రంతో నొక్కుతూ పక్కకు నెట్టేవాళ్లం. రాయీ మనిషిలాంటిదే సుమండీ. చాలాసేపు ఓర్చుకుంటుంది, పైకి తెలియనివ్వకుండా కొంచెం వంగుతుంది, ఒకసారి జారడం మొదలైందా, ఆ రాపిడి వేడికీ నలిగిన పొడికీ పట్టు సడలి, జారినకొద్దీ మరింత బలహీనమైపోతుంది. భూకంపం వచ్చినప్పుడు నేల లోపలి పగుళ్లలో జరిగేదీ ఇదే. ఆ జారుడుకు ముందు ఏదైనా సూచన ఉంటుందా అన్నదే గురువుగారి వెతుకులాట. ఆయన అక్కగారు ఉత్తరాదిన భూకంపంలో భర్తనీ ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకుని తమ్ముడి పంచన చేరిన మనిషి. ఇంకో తల్లికి ఆ గతి పట్టకుండా ముందే చెప్పగలిగేలా చేస్తానని ఆవిడకు మాటిచ్చారాయన.

గురువుగారిది మహా ఆచారం. ప్రతి పరీక్ష తర్వాతా పలకలు కడిగి, ఆరబెట్టి, ఉతికిన గుడ్డతో తుడిస్తేగాని మళ్లీ యంత్రమెక్కించనిచ్చేవారు కాదు. పలకమీద పొడి ఆయన కంటికి మైల. యంత్రం నడిపేది మా అక్క మొగుడు, సబ్బవరం రైతుబిడ్డ. తుడిచి తుడిచి విసుగెత్తి, నాతో "ఏటి బామ్మర్దీ, రాయికి కూడా తానం సేయించాలా? నా పెళ్లికి కూడా నాను ఇంత సుబ్బరంగా లేను" అనేవాడు.

అలా ఏళ్ల తరబడి చేయగా నిజంగానే సూచన దొరికింది. పెద్ద జారుడుకు ముందు పలక వెంట్రుకవాసి నెమ్మదిగా కదిలేది, ప్రతిసారీ. ఆ మాట విని అక్కగారు పరమాన్నం వండి పంపారు. పిల్లలు పోయాక ఆవిడ తీపి వండడం అదే మొదలు.

తర్వాత ఓ వానరోజు కరెంటు పోయి, మోటారు ఆడక నీళ్లెక్కలేదు; పలకలు కడగడం కుదరలేదు. మర్నాడు ఎలా ఉంటుందో చూద్దామని వాటినే పొడితో సహా నెట్టాం. ఏ సూచనా లేకుండా ఒక్కసారిగా జారింది. ఎన్నిసార్లు చేసినా అంతే. గురువుగారు చేతిలోని తుడుపుగుడ్డ పక్కన పడేశారు. భూమిలో పగులును ఎవరు కడుగుతారు? యుగాలుగా నలిగిన పొడంతా అందులోనే ఉంటుంది కదా. లోకంలో ఎక్కడా లేని శుభ్రమైన రాయిని పట్టుకుని మేము ఇన్నేళ్లూ కొలిచాం.

ఆ సాయంత్రం ఆయన్ని ఇంటికి దిగబెట్టాను. అక్కగారు గుమ్మంలోనే, "జనానికి ఎప్పుడు చెప్తావురా?" అని అడిగారు. ఆయన లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నారు. ఆవిడ సంగతి గ్రహించి, కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాత గురువుగారు ప్రయోగశాల గడప తొక్కలేదు.

ఇప్పుడు భూమి కదిలిన కాసేపటికే ఎక్కడ, ఎంత అని ఫోనే చెప్పేస్తోంది. కదలబోతోందని మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు. మా వీధివాళ్లు ఇవాళ కిందికి దిగి, ఫోటోలు తీసుకుని, టిఫిన్లకు వెళ్లిపోయారు. ముందే తెలిస్తే బాగుండునని ఒక్కరి నోటా రాలేదు. ఆ ఒక్క కోరికతో బతికిన అక్కాతమ్ముళ్లిద్దరూ పోయారు. నాకా, ముందే చెప్పగలిగే రోజు చూస్తానన్న ఆశ ఇక లేదు.