మొహం చూసి ఎత్తిన చెయ్యి

నా చిన్నప్పుడు మా పక్కింటి పెదనాన్న ఎమ్మెల్యే అవుతాడని ఎవరైనా అంటే మా వీధి వీధంతా పడీపడీ నవ్వేది. ఆయన పత్తి మిల్లులో బేళ్లు మోసేవాడు. మాట మెల్లగా ఉండేది, నడక ఇంకా మెల్లగా. అయినా మిల్లు యూనియన్‌కి ఆయనే నాయకుడు. అదెలాగో నాకు తొమ్మిదో ఏట, ఒక్క సాయంత్రంలో అర్థమైంది.

మా అమ్మ అదే మిల్లులో పత్తిలోని చెత్త ఏరేది. నాన్న పోయాక మా ఇద్దరికీ ఆ పనే ఆధారం. దూది ధూళికి దగ్గు పట్టుకున్నవాళ్లను యజమాని పనిలోంచి తీసేస్తుంటే అందరూ సమ్మెకు దిగారు. మా అమ్మ నోరు ఊరుకునేది కాదు. పత్తి కొనడానికొచ్చిన వ్యాపారుల ముందే, "మీ అబ్బాయిని ఒక్క పూట లోపల కూర్చోబెట్టి చూడండయ్యా" అని యజమానిని అడిగేసింది.

ఇరవై రోజులకు యజమాని దిగొచ్చాడు. దగ్గున్నవాళ్లను తీసుకుంటానన్నాడు, కూలి పెంచుతానన్నాడు. ఒక్క మా అమ్మ మాత్రం మళ్లీ గేటు దాటకూడదన్నాడు.

ఆ సాయంత్రం చర్చి వెనక రేకుల పందిట్లో అందరూ చేరారు. అప్పటికి ఎవరింట్లోనూ పొయ్యి సరిగా వెలగడం లేదు. ఒప్పేసుకుందామన్న గుసగుసలు నా చెవినే పడ్డాయి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక వరసలో కూర్చుంది. పెదనాన్న ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. చర్చిలోంచి కుర్చీ తెచ్చి, జనానికి ఎదురుగా వేసి, అమ్మను వచ్చి కూర్చోమన్నాడు.

"ఒప్పుకుందామనేవాళ్లు చెయ్యెత్తండి. నేను అడ్డు చెప్పను. కాకపోతే ఈ అమ్మాయి మొహం చూసి ఎత్తండి" అన్నాడు.

ముందుగా లేవబోయిన చెయ్యి ఆయన భార్యదే. పాపం, ఇంట్లో నలుగురు పిల్లలు. అమ్మ కళ్లు తనమీద పడగానే ఆ చెయ్యి పైట సర్దుకుని కిందికి దిగింది. "దీన్ని బయటొదిలేసి మనం ఏ మొహం పెట్టుకుని లోపలికి పోతాం" అని ఆమే గొణిగింది. ఆ తర్వాత ఒక్క చెయ్యీ లేవలేదు. అరవకుండా, బతిమాలకుండా, ఒక్క కుర్చీ వేసి అంతమందిని నిలబెట్టిన మనిషిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

ఇంకో వారం పస్తులున్నారు. చివరికి అందరితోపాటు అమ్మా గేటు లోపలికి నడిచింది.

తర్వాత ఆయన ఎన్నికల్లో నిలబడి మొదటిసారి డిపాజిట్ పోగొట్టుకున్నాడు, రెండోసారి గెలిచాడు. అసెంబ్లీకి వెళ్లినా తీరు మారలేదు. కాలవ గట్టు మీది గుడిసెలు తీసేయాలని అధికారులు కాగితం తెస్తే, వాళ్లను ఆ గుడిసెల ముందే కూర్చోబెట్టి చదవమన్నాడట. గుడిసెలు నిలిచాయి. ఊరి పెద్దలకు కోపమొచ్చి తర్వాతి ఎన్నికల్లో ఆయన్ను ఓడించారు. ఓడిన మర్నాడు కూడా మిల్లు గేటు దగ్గర టీ తాగుతూ కనిపించాడు.

నేను హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాక, గేటు తాళం వెయ్యడం మరిచిందని మా బడి ఆయాను తీసేద్దామని కమిటీ తీర్మానించింది. అందరి సంతకాలూ అయ్యాయి, నాదే మిగిలింది. తప్పు ఆమెదేనని నాకూ అనిపించింది. అయినా ఆమెను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఆ సంతకం చెయ్యలేకపోయాను. తర్వాత కొన్ని సంతకాలు చేశాను కూడా, తప్పలేదు. కానీ ఎవరి బతుకు మీద చేశానో, వాళ్ల మొహం చూడకుండా మాత్రం ఏనాడూ చెయ్యలేదు.