ఎండబెట్టిన సెల్లులు

ఆ రోజుల్లో గొంతు మనిషి వెంటే ఉండేది. మనిషి ఇంట్లో ఉంటే ఇంట్లో, బజారుకు పోతే బజారులో. ఇప్పుడు మా మనవడు మంచం మీద పడుకుని ఎక్కడెక్కడి వాళ్ల గొంతులనో అరచేతిలో పెట్టుకుని వింటుంటే ఎవరికీ వింతగా లేదు. కానీ ఎనభైల మొదట్లో, వరంగల్ కాశిబుగ్గలోని ఒక మిడిల్ స్కూల్లో (ఆరు, ఏడు తరగతులకు వేరే చోటు దొరకక రేకుల షెడ్డులో నడిపిన బడి అది, వాన పడితే పాఠం ఆగేది, ఎండ కాస్తే పిల్లలు వాడిపోయేవాళ్లు) నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, మనిషి ఒకచోటా గొంతు ఇంకోచోటా ఉంటే ఎంత గందరగోళం పుడుతుందో కళ్లారా చూశాను. చూడడమేమిటి, ఆ గందరగోళానికి నడిమధ్య నేనే నిలబడి ఉన్నాను.

నేను చెప్పాల్సింది లెక్కలు, సైన్సు. హనుమకొండ బజారులో మా నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. మా ఇంట్లో రేడియో మీట తిప్పే అధికారం ఆయనకు తప్ప ఇంకెవరికీ లేదు. అలాంటి ఇంటి నుంచి వచ్చిన నన్ను టేప్ రికార్డర్ ట్రెయినింగుకు పంపారు. బడిలో అందరికన్నా చిన్నదాన్ని, పైగా కాదనడం రానిదాన్ని, అంతకు మించి అర్హత ఏమీ లేదు. అక్కడ మాట్లాడినాయన మాటిమాటికీ "యంత్రాన్ని బాధ్యతగా వాడాలి" అన్నాడు. బాధ్యత అంటే ఏమిటో చెప్పబోయేంతలో కరెంటు పోయింది, అందరం ఇళ్లకు వెళ్లిపోయాం. ఆ సగం చదువుతోనే బడికి తిరిగొచ్చిన నాకు 'టేపు టీచర్' అని పేరు పడింది. ఆ పేరు పేటలోకి పోయి ఏమైందంటే, మగ్గాలు నేసే ఇళ్ల ఆడవాళ్లకు టేపు అంటే దర్జీ మెడలో వేలాడే కొలతల పట్టీయే. రెండో వారంలో ఒకామె జాకెట్టు గుడ్డ చంకన పెట్టుకుని బడికే వచ్చేసింది.

"టేపు టీచరంటే నువ్వేనా బిడ్డా? మా పిల్లకు జర కుట్టుడు నేర్పరాదు. చేతులు మంచిగ తిప్పుతది గని కొలతలు తెలుస్తలేవు."

కాదమ్మా, ఇది మాట్లాడే టేపు అని చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "టేపు మాట్లాడుడేంది తల్లీ" అని గుడ్డ మడతపెట్టుకుని వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ పక్కామెతో "పాపం, చిన్న పిల్ల" అనడం నాకు వినబడింది.

మా హెడ్మాస్టరును అందరూ పెద్దసారు అనేవారు, చాటున తాళాల సారు అనేవారు. ఆయన దృష్టిలో బాధ్యత అంటే తాళం. టేప్ రికార్డర్ ఒక బీరువాలో, దాని సెల్లులు ఇంకో బీరువాలో, తాళంచెవులు ఆయన నడుముకు. షెడ్డులో కరెంటు ప్లగ్గు లేదు కనుక సెల్లులే దిక్కు. అవి నీరసించినప్పుడల్లా ఆయన వాటిని ప్రహరీ గోడ మీద వరసగా నిలబెట్టి ఎండబెట్టేవాడు. (ఎండకు సెల్లుల్లో ప్రాణం తిరిగొస్తుందని ఆ రోజుల్లో మా అందరి నమ్మకం. సైన్సు టీచరునైన నేను కూడా కాకులు రాకుండా కాపలా కాసేదాన్ని.)

ఇక తెలుగు సారు. ఆ బడికి ఆయన గొంతే గంట. ఆయన షెడ్డులో వ్యాకరణం చెబుతుంటే వీధి చివర మగ్గం మీద కూర్చున్నవాళ్లకు సంధులు వచ్చేసేవి. నేను చేరిన రోజు నా టిఫిన్ డబ్బాలో పచ్చడి మెతుకులు చూసి, "గిదేం తిండి బిడ్డా, పిల్లల ముంగట నిలబడాలంటే బలం గావాలె" అని తన రొట్టె సగం తుంచి ఇచ్చాడు. అలాంటి మనిషికి ఆ వానాకాలం గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, పడిశమన్నారు, మిరియాల కషాయం తాగించారు. చివరికి పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేయాలన్నారు. ప్రాణానికి ఢోకా లేదు గాని గొంతు మిగలకపోవచ్చని కూడా అన్నారు. ఆ సంగతి ఆయన మాకు చెప్పిన తీరు నేను మరిచిపోలేదు. "దుకాణం బంద్ జేస్తాన్న బిడ్డా" అని నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

పోయేలోగా పాఠాలన్నీ టేపులో పెడదామని నేనే అన్నాను. ఆయనకు మొదట ఇష్టం లేదు. ఉన్న కాస్త గొంతునూ ఆ మిషన్ లాగేసుకుంటుందేమోనని భయం. సరే, ఒకసారి చూద్దామని, పిల్లల్ని కూర్చోబెట్టి ఉత్వసంధి చెప్పించాను. వెనక్కి తిప్పి వినిపిస్తే సారు ముఖం చిట్లించాడు.

"ఎవడు వీడు? ఏడుపు గొంతేసుకొని చెప్తాండు?"

"మీరే సారూ."

"నేను గిట్ల మాట్లాడుతనా? మరి ముప్పై ఏండ్లసంది ఎవలూ చెప్పలేదేంది!"

ఆ నవ్వు కూడా టేపులో పడింది. నవ్వే కాదు, ఆయన దగ్గు, పక్క వీధిలో మేక అరుపు, పాఠం మధ్యలో ఆయన వేసిన కేక, అన్నీ పడ్డాయి. "ఏయ్, కిటికీ కాడ కూసున్నోడా! మాటలేంది? లేచి నిలబడు!" అన్న కేక అది. తీసేద్దామంటే నాకు తీయడం రాదు, నేర్చుకునేలోపే ట్రెయినింగులో కరెంటు పోయింది కదా.

ఒక్క క్యాసెట్టు నిండేసరికి సారు దవాఖానకు పోయాడు, ఇక రోజూ దాన్నే వెనక్కి తిప్పి వేయడమే. పెద్దసారు రోజూ తెలుగు పీరియడుకు బీరువాలు తెరిచి, సారు కుర్చీ మీద టేప్ రికార్డర్ పెట్టించి, మీట నొక్కమని నాకు చెప్పి వెళ్లిపోయేవాడు. మొదటి వారం నాకు ఎంత గర్వమో. ఊరంతా తిరిగి చెప్పుకున్నాను. పిల్లలు కూడా బుద్ధిగా వినేవాళ్లు. టేపులో కేక వినబడగానే ఆ రోజు కిటికీ దగ్గర కూర్చున్నవాడు ఉలిక్కిపడి లేచి నిలబడేవాడు. పాఠం అయ్యేదాకా టేపు కూర్చోమనదు, నేనంటే వాడు వినడు. దాంతో కిటికీ పక్క గాలి తగిలే చోటు కోసం కొట్టుకునే పిల్లలు ఇప్పుడు అక్కడ కూర్చోకుండా ఉండడానికి కొట్టుకోవడం మొదలుపెట్టారు.

నా గర్వం దించింది ఏడో తరగతి పిల్ల ఒకతి. డౌట్ల పిల్ల అనేవాళ్లం. టేపులో సారు "వాడు ప్లస్ ఎక్కడ, వాడెక్కడ. ఉకారం లోపించింది" అన్నాడో లేదో, చెయ్యెత్తింది.

"సారూ, లోపించిన ఉకారం ఏడికి పోతది?"

టేపు తన దారిన తాను తర్వాతి ఉదాహరణకు పోయింది. ఆ పిల్ల చెయ్యి దించలేదు. సారు ఉంటే ఆ ప్రశ్నకు ఎగిరి గంతేసేవాడు. నాకు జవాబు తెలియదు, నాది సైన్సు. పాఠం అయిపోయి టేపు టక్కున ఆగేదాకా ఆ చెయ్యి అలాగే గాలిలో ఉంది. మర్నాడూ అదే పాఠం, అదే చెయ్యి. ఆ మిషన్‌కు నోరు ఉంది, చెవులు లేవు అని నాకప్పుడు తెలిసొచ్చింది. ట్రెయినింగులో ఎవరూ చెప్పని మాట అది.

పెద్దసారుతో అంటే, "గామె డౌట్లు తీర్చుకుంట పోతే సిలబస్ ఎప్పుడైతది టీచర్?" అన్నాడు. అంతటితో ఆగలేదు. "పైకి రాద్దామనుకుంటాన్న. టేపుతోని పని నడుస్తాంది, తెలుగు పోస్టు గురించి ఫికర్ లేదని. గొంతు లేని సారును తెచ్చుకొని మనం మాత్రం ఏం జేస్తం చెప్పు? పాపం, ఇంట్ల రెస్టు తీసుకుంటడు." ఆయన చెడ్డవాడు కాదు, నిజంగానే పాపం అనుకున్నాడు. కానీ సారుకు ఆ బడి తప్ప వేరే బతుకు లేదని నాకు తెలుసు. సాయం చేయబోయి సారు కుర్చీలో మిషన్‌ను నేనే కూర్చోబెట్టానే అని అన్నం సహించేది కాదు. సారు దవాఖాన నుంచి ఇంటికి వచ్చాడని తెలిసి కూడా, ఆ ముఖం ఎలా చూడాలో తెలియక చూడటానికి వెళ్లలేదు.

ఆ తర్వాత ముసురు పట్టింది. రోజుల తరబడి ఎండ లేదు. గోడ మీద నిలబెట్టిన సెల్లులు తడిసి ముద్దయ్యాయి. పెద్దసారు వాటిని పంచె కొంగుతో తుడిచి మిషన్‌లో వేశాడు. షెడ్డులో మసక చీకటి, రేకుల మీద సన్నటి వాన. మీట నొక్కాను. రెండు మాటలు బాగానే వచ్చాయి. ఆ తర్వాత సారు గొంతు మెల్లమెల్లగా లావెక్కి, బరువెక్కి, బావి అడుగు నుంచి వచ్చినట్టు సాగడం మొదలుపెట్టింది.

"వా...డు... ప్ల...స్... ఎ...క్క...డ... వా...డె...క్క...డ..."

తరగతిలో ఒక్కడు కదలలేదు. మళ్లీ "వా...డె...క్క...డ..." అంటూ గొంతు ఇంకా కిందికి దిగిపోయి, గురక లాగా ఒక శబ్దం చేసి ఆగిపోయింది. వెనక నుంచి ఒకడు వణుకుతూ అన్నాడు.

"టీచర్, గది సారు గొంతు గాదు. యముడు వచ్చిండు. సారు ఏడున్నడని అడుగుతాండు!"

ఆ మాటకు డౌట్ల పిల్ల పెద్దగా ఏడ్చింది. "సారు పాణం పోతాంది టీచర్! గొంతు ఈడనే ఉన్నది గదా, గందుకే మనకు ముందుగాల తెలుస్తాంది!"

సెల్లులు అయిపోయాయిరా అని నేను అరుస్తూనే ఉన్నాను. ఎవరు వింటారు? పుస్తకాలు అక్కడే పారేసి పిల్లలంతా వానలో బయటికి ఉరికారు. "సారు పోతాండు, సారు పోతాండు" అని ఏడుస్తూ వీధి వెంట పరుగు. వాళ్ల ఏడుపు విని ఒక్కో ఇంట్లో మగ్గం చప్పుడు ఆగింది, ఒక్కో తల్లీ కొంగు నోట్లో కుక్కుకుని వాళ్ల వెంట బయల్దేరింది. జాకెట్టు గుడ్డ తెచ్చినామె కూడా అందులో ఉంది. వాళ్ల వెనక నేను, నా వెనక తాళాలు గలగలలాడిస్తూ పెద్దసారు. ఇంతకీ సిగ్గు లేకుండా చెబుతున్నాను, సగం దారికి వచ్చేసరికి నేను కూడా ఏడుస్తున్నాను. అంతమంది ఏడుస్తుంటే సైన్సు ఎంతసేపు నిలబడుతుంది?

సారు భార్య తలుపు తీసి, వాకిట్లో తడిసి ఏడుస్తున్న ఆ జనాన్ని చూసి హడలిపోయింది. "ఏమైంది? ఎవలికేమైంది?" అంటోంది.  ఆమె వెనకే మెడకు తెల్లటి కట్టుతో సారు వచ్చి నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. ఒక్కసారిగా ఏడుపు ఆగింది. నేను ముక్కు ఎగబీలుస్తూ జరిగింది చెప్పాను, ఎండ లేకపోవడం, సెల్లులు, యముడు, అన్నీ. సారు నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఎంత గొంతు ఉండేది ఆ నోట్లో!  ఆయన లోపలికి వెళ్లి పలక తెచ్చి, రాసి మా వైపు తిప్పాడు.

"నేను బాగానే ఉన్న. సెల్లులు మార్చున్రి."

ఆడవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. ఆ నవ్వుల మధ్య డౌట్ల పిల్ల చెయ్యెత్తింది. 

"సారూ, లోపించిన ఉకారం ఏడికి పోతది? టేపును ఎన్నిసార్లు అడిగినా చెప్తలేదు."

 సారు పలక తుడిచి మళ్లీ రాశాడు. ఈసారి పలక పిల్లవైపు కాదు, పెద్దసారు వైపు తిప్పాడు. "రేపు బడిల చెప్తా" అని ఉంది. పెద్దసారు నడుము దగ్గర తాళాలు సవరించుకున్నాడు. "గట్లనే సారూ" అన్నాడు. పైకి రాద్దామనుకున్న సంగతి ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. పెద్ద బజారుకు పోయి కొత్త సెల్లులు కూడా తెచ్చాడు.

మర్నాడు సారు వచ్చాడు. కుర్చీలో మిషన్ ఉంది. తీయబోతే వద్దని చెయ్యి ఊపి, తన వేలితో తానే మీట నొక్కాడు. "వాడెక్కడ. ఉకారం లోపించింది" అనగానే టక్కున ఆపాడు. టేపును మధ్యలో ఆపవచ్చని అన్ని రోజులూ నాకు తోచనేలేదు, చూడండి. బోర్డు మీద రాశాడు: "ఎక్కడికీ పోదు. పక్కదానికి జాగ ఇచ్చి జరుగుతది." డౌట్ల పిల్ల చదువుకుంది, చెయ్యి దించింది. సారు మళ్లీ మీట నొక్కి, కూర్చోవడానికి కుర్చీ లేక, ఎవరూ కూర్చోని ఆ కిటికీ పక్క బెంచీ మీద కూర్చున్నాడు. టేపు పోతోంది. వచ్చేది నాకు గుర్తొచ్చి ఆపబోయేలోగానే వచ్చేసింది.

"ఏయ్, కిటికీ కాడ కూసున్నోడా! మాటలేంది? లేచి నిలబడు!"

సారు లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, తల వంచుకుని. పిల్లలు ఘొల్లున నవ్వారు. సారు భుజాలు కూడా ఎగిరెగిరి పడ్డాయి, శబ్దం మాత్రం లేదు. పాఠం అయ్యేదాకా ఆయన కూర్చోలేదు. మాట్లాడడం ఇక తన వంతు కాదని ఆయన ఒప్పుకున్నది ఆ నిలబడడంలోనే అని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు.

సారు ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. క్యాసెట్టు ఆయనకన్నా కొంచెం ఎక్కువ బతికి, నలిగిపోయి, తెగిపోయింది. నేను రిటైరై ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. మొన్న మనవడి ఫోనులో ఏదో పాఠం వస్తోంది. అందులో టీచరు "అక్కడ ఎవరు మాట్లాడేది?" అని గద్దించింది. మనవడు నావైపు వింతగా చూశాడు.

"నానమ్మా, అది రికార్డింగు. నువ్వెందుకు లేచి నిలబడ్డవ్?"

మోకాళ్లు పట్టేశాయిరా అని చెప్పి మళ్లీ కూర్చున్నాను.