శనివారం కొన్న ఇనుప ఇల్లు

అంగళ్ళ కుటుంబంలో పుట్టి, శనివారం నాడు ఇరవై అడుగుల ఇనుము కొన్న మొనగాడు కర్నూలు జిల్లాలో ఇంకొకడుంటే చూపించండి, దండ వేస్తాను. మా ఇండ్లలో శనివారం మేకు కూడా కొనరు. ఇనుము వెంట శని ఇంట్లోకి వస్తాడని భయం. నేను ఆ భయాన్నే పెట్టుబడి పెట్టినాను. శనివారం పాత ఇనుము యార్డులో గిరాకీ ఉండదు, గిరాకీ లేని పూట యజమాని మెత్తగా ఉంటాడు. అంత తెలివి నాది.

అప్పటికి మా అన్నదమ్ములం వేరుపడి ఎంతో కాలం కాలేదు. ఇల్లు, అంగడి అన్నల వాటాకు పోయినాయి. నాకు కొంత రొక్కం, కల్లూరు అవతల ఒక ప్లాటు వచ్చినాయి. నా భార్య వేంపల్లెలో పుట్టింటికి పోతూ, "ఇల్లయినాక చెప్పండి, వస్తాను" అనింది. నేను గోనెసంచుల వ్యాపారం చూసుకుంటూ మేస్త్రీని పిలిపించినాను. నాపరాళ్ళతో రెండు గదులకు లక్షా ఇరవై వేలన్నాడు. నాకు ఎక్కువనిపించింది. ఓడల్లో సరుకు మోసే కంటైనర్లు మద్రాసు నుంచి తెచ్చి కడపలో అమ్ముతున్నారనీ, కిటికీలు కోసుకుంటే ఇల్లయిపోతుందనీ ఎవరో చెబితే బస్సెక్కినాను.

"ఏమప్పా, దారి తప్పినావా? ఈ పొద్దు శనివారం" అన్నాడు యార్డాయన.

"ఇనుము కొందామనే వచ్చినా."

"మీవాళ్ళు శనివారం ఇనుప గరిటె గూడా కొనరు గదప్పా!"

"అందుకే ధర తగ్గిచ్చి చెప్పు."

తొంభై ఐదు వేలన్నాడు. అరవై అన్నాను. "అరవైకి తలుపులొస్తాయి. మిగతాది మట్టితో కట్టుకో" అన్నాడు.

అప్పుడు వెనక్కి తిరిగి నడిచినాను. ఇది మా నాయన నాకు గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి నేర్పిన విద్య. కొనేవాడు నడవాలి, తిరిగి చూడకూడదు. అమ్మేవాడు పిలవాలి. అవసరం ఎవరిదో అక్కడ తేలిపోతుంది. గేటు దాటకముందే యార్డాయన పిలిచినాడు. డెబ్బై ఐదు వేలకు తెగింది.

లారీలో వచ్చి, క్రేనుతో దిగి, వెల్డింగు చేయించుకొని, లోపల థర్మకోలు, ప్లైవుడ్డు కప్పుకొని అది ఇల్లయింది. మంచి రోజు చూసి నా భార్యకు ఫోను చేసినాను. ఎట్లాంటి ఇల్లో మాత్రం చెప్పలేదు.

ఆమె షేరాటో దిగింది. చేతిలో పెద్ద బ్యాగు, పాలు పొంగించడానికి కొత్త ఇత్తడి గిన్నె. తలుపు దగ్గర వంగి కింద తడిమింది.

"గడప ఏదండీ? పసుపు యాడ పూసేది?"

వేలి కణుపుతో గోడ మీద కొట్టింది. ఖంగుమనింది.

"ఇరవై వేలు తగ్గిచ్చినా తెలుసా!" అన్నాను గొప్పగా.

ఆమె కూడా అంగడాయన కూతురే. "అంత తగ్గినారంటే శనివారమే అయ్యుంటాది" అనింది. "రాయి దొరికే సీమలో ఇనుము కొన్నారు. అదీ శనివారం. నేనుండలేనండీ."

గిన్నె తలుపు దగ్గరే పెట్టి, బ్యాగు తీసుకొని, తిరిగి నడిచింది.

ఆ నడక నాకు తెలుసు. బేరం చేస్తాంది, తిరిగొస్తుంది, పిలిస్తే ఓడినట్టే అనుకున్నాను. పైగా గిన్నె వదిలిపెట్టింది. దాన్ని నేను బయానా కింద లెక్కేసుకున్నాను. రోడ్డు మీద షేరాటో ఇంకా నిండలేదు. ఆమె చివర కూర్చుంది. "కర్నూలు, కర్నూలు, ఇంకొక్కరే!" అని డ్రైవరు అరుస్తున్నాడు. నేను చేతులు కట్టుకొని నిలబడినాను. చాలాసేపటికి నెత్తిన మూటతో ఒక ముసలామె వచ్చి ఎక్కింది. ఆటో పోయింది.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. మధ్యాహ్నం గోడలు ముట్టుకోలేం, ప్లైవుడ్డు బంక వాసన కొడుతుంది. చూడడానికి జనం వచ్చేవాళ్ళు, "భలే ఉండాదప్పా" అని గడప లేని తలుపు దగ్గరి నుంచే పోయేవాళ్ళు. "దొంగ రాలేడు, పాము రాలేదు" అని నేను వాళ్ళకు చెప్పేవాణ్ణి. ఇంకెవ్వరూ రారని చెప్పలేదు. సాయంత్రం ఇనుము చల్లారుతూ టక్కు టక్కుమనేది. ప్రతి టక్కుకూ ఎవరో తలుపు కొట్టినారనుకొని లేచేవాణ్ణి. లోపల సెల్లుకు సిగ్నల్ రాదు, అందుకని మంచం బయట వేసుకున్నాననేవాణ్ణి. బయట సిగ్నల్ బాగా వచ్చేది. ఫోనే రాలేదు. ఒక్క మిస్డ్ కాల్ నేనైనా ఇవ్వచ్చు. ఇస్తే ధర పడిపోతుందని ఇవ్వలేదు.

రెండో ఎండాకాలం జ్వరం వచ్చింది. దాహమై, నీళ్ళిమ్మని ఆమెను పిలిచినాను, ఆమె ఇంట్లోనే ఉన్నట్టు. నా గొంతు ఇనుప గోడలకు తగిలి నాకే వినపడింది. జ్వరం తగ్గగానే గిన్నె చంకన పెట్టుకొని వేంపల్లె పోయినాను.

ఆమె వాళ్ళ నాయన అంగట్లో కందిబేడలు తూస్తోంది.

"ఏం కావాల?" అనింది, గిరాకీని అడిగినట్టు.

"నిన్ను పిలిచేదానికొచ్చినా."

"ఆ పొద్దు ఆటో నిండేదాక కూర్చున్నా గదండీ."

"బేరం చేస్తాండావనుకుంటి."

"చేస్తాంటి. కొనేదాన్ని నేను. అమ్మేది మీరు. పిలవాల్సింది ఎవరు?"

అంగట్లో పెరిగినవాణ్ణి, ఆ పొద్దు గల్లాకు ఏ పక్క నిలబడినానో తెలుసుకోలేకపోయినాను.

"రాతి గడప పెట్టినాక రండి, వస్తా" అనింది. గిన్నె తీసుకుంది.

కంటైనరు కొనడానికి యార్డాయనే వచ్చినాడు. "ఈ పొద్దు శనివారం గాదు గదప్పా, నేనెట్ల బేరం చేసేది?" అని నవ్వి, నలభై ఐదు వేలని, వెనక్కి తిరిగినాడు. నేను వెంటనే పిలిచినాను. మేస్త్రీ ఈసారి లక్షా యాభై అన్నాడు. సరే అన్నాను. గడపకు ఆమే పసుపు పూసింది.

ఇప్పుడు లెక్క. కంటైనరు డెబ్బై ఐదు వేలు. లారీ తొమ్మిది, క్రేను నాలుగు. కిటికీలు, తలుపు ఆరున్నర. థర్మకోలు, ప్లైవుడ్డు పద్దెనిమిది. మొత్తం లక్షా పన్నెండు వేల ఐదువందలు. అమ్మగా వచ్చింది పోతే నష్టం అరవై ఏడు వేల ఐదువందలు. మేస్త్రీ ధర పెరిగింది ముప్పై వేలు. వెరసి తొంభై ఏడు వేల ఐదువందలు. ఊళ్ళోవాళ్ళకు ఇంతవరకే చెప్పినాను. మిగిలింది ఎండాకాలాలు. నేను ఎప్పుడూ రెండనే చెప్పుకునేవాణ్ణి. వేంపల్లెలో ఆమెవీ రెండు పోయినాయి. మొత్తం నాలుగు.