ఆర్డిస్ దాచిన ఎండుగడ్డి

ఆర్డిస్ థర్లో వంటింటి పక్క కొట్టుగదిలోకి అడుగు పెడితే నోరూరేది. దోసకాయ ఊరగాయలు, బీట్‌రూట్ ముక్కలు, దాల్చినచెక్క వేసి ఉడికించిన ఆపిల్ గుజ్జు, అన్నీ గాజు సీసాల్లో అరల నిండా ఉండేవి. కంటికి ఎదురుగా ఉన్న అరలో మాత్రం, ఊరగాయకీ ఆపిల్ గుజ్జుకీ మధ్యన, ఒక సీసాలో నల్లగా కుళ్ళి ఎండిపోయిన గడ్డి ఉండేది. దానికీ రబ్బరు పట్టీ వేసి మూత బిగించింది. దుమ్ము పట్టనిచ్చేది కాదు. కొత్తవాళ్ళు ఎవరైనా అదేమిటని అడిగితే, "మెర్టన్ స్ప్రేగ్ చెప్పిన శనివారం," అనేది. వాళ్ళకి అర్థమయ్యేది కాదు. మా టామరాక్ గుట్ట మీద పుట్టినవాళ్ళకి అర్థమయ్యేది.

మా గుట్ట మీద రైతులకి ఒక సంఘముంది. గ్రేంజి అంటారు. మా తాతలు పెట్టుకున్నది. వాళ్ళే చెట్లు కొట్టి, పలకలు కోసి, తెల్ల రంగు వేసి కట్టిన హాలు మాది. కింద భోజనాల గది, పైన సభ. సభలో అందరం భుజాన పట్టీలు వేసుకుని, బ్రదర్ అనీ సిస్టర్ అనీ పిలుచుకుంటాం. గుమ్మం దగ్గర కాపలా మనిషికి రహస్యమాట చెవిలో చెప్పి లోపలికి వస్తాం. పట్నంవాళ్ళు చూస్తే పడీపడీ నవ్వుతారు. నవ్వుకోనీండి. ఇల్లు కాలితే ఇల్లు లేపేదీ, మనిషి పడితే వాడి పంట కోసేదీ ఆ పట్టీలవాళ్ళే.

ఎవరైనా మంచాన పడ్డారని తెలిస్తే, సంఘం పెద్ద, మాస్టర్ అంటాం, కబురు పెడతాడు. ఫలానా రోజు ఫలానావాళ్ళ పొలం అని. ఆ రోజుకి గుర్రాలూ బళ్ళూ పారలూ పంగలకర్రలూ అన్నీ అక్కడికే. ఆడవాళ్ళు వంటలతో వస్తారు. సాయంత్రానికి పని ముగుస్తుంది. రోజు మాత్రం మాస్టర్ చెప్పాలి, లేకపోతే తలా ఒక దారిన పోతారు.

పదహారేళ్ళ కిందట మాస్టర్ మెర్టన్ స్ప్రేగ్. ఆ జూలైలో ఆర్డిస్ మొగుడు లైల్ తన పెద్దపొలం గడ్డి అంతా కోసి పరిచాడు. మర్నాడు బళ్ళకెత్తాలి. ఆ సాయంత్రమే కొట్టంలో తాడు తెగి, దూలం మీదనుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తెల్లారగానే ఆర్డిస్ నడుచుకుంటూ మెర్టన్ ఇంటికి వెళ్ళింది. బుధవారం.

"శనివారం పెడదాం ఆర్డిస్, అందరూ వస్తారు," అన్నాడు మెర్టన్.

"గడ్డి ఇప్పటికే ఎండిపోయింది మెర్టన్. శనివారం దాకా ఎందుకు?"

"వాన ఛాయలేమైనా ఉన్నాయా? నువ్వు కంగారుపడకు. మొగుడి దగ్గర కూర్చో."

అక్కడ కంగారుపడొద్దన్నవాడు ఇక్కడ మాతో ఏం చెప్పాడో వినండి. "థర్లోవాళ్ళకి శనివారమే వీలట, ఈలోగా నా గడ్డి లాగేద్దాం రండి," అన్నాడు. మేం నమ్మాం, అబద్ధమని తర్వాతే తెలిసింది. బుధ, గురు, శుక్రవారాలు ఎండ విరగకాసింది. మూడు రోజులూ మా గుర్రాలు మెర్టన్ పొలంలోనే తిరిగాయి. శనివారం పొద్దున వాన మొదలైంది. వారం దాకా ఆగలేదు.

పరిచిన గడ్డి కుళ్ళిపోయి, మేత లేక థర్లోవాళ్ళ పశువులు అమ్ముడుపోయాయి. అందులో గోధుమరంగు ఆవు ఒకటి ఉండేది, ఆర్డిస్ దూడప్పటినుంచి చేత్తో పాలుపట్టి పెంచింది. దాన్ని వేలంలో కొన్నదెవరనుకున్నారు? మెర్టనే. సెప్టెంబరు సంతలో దానికి మొదటి బహుమతి నీలం రిబ్బను వచ్చింది. దాని మెడలో రిబ్బను, పక్కన మెర్టన్ పళ్ళికిలించి నిలబడ్డాడు. ఆర్డిస్ జనంలో నిలబడి చూసింది. ఆవు ఆమెను గుర్తుపట్టి అరిచింది. ఆ రోజు ఇంటికి వెళ్ళి, పొలంలో కుళ్ళిన గడ్డి ఒక గుప్పెడు తెచ్చి, ఎండబెట్టి, సీసాలో పెట్టింది.

లైల్ కుంటుకుంటూ పట్నంలో చెప్పుల ఫ్యాక్టరీకి వెళ్ళాడు. ఆ దుమ్ములో దగ్గి దగ్గి కొన్నేళ్ళకి పోయాడు. సభ్యుడు పోతే మా హాలు గోడ మీది సంఘపత్రానికి నల్లగుడ్డ కప్పి, పేరు చదువుతాం. లైల్ పేరు చదివింది మెర్టన్. చదువుతూ కళ్ళు తుడుచుకున్నాడు కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆర్డిస్ మాత్రం కదల్లేదు.

ఆ తర్వాత మెర్టన్ పొలం అమ్ముకుని పట్నం పోయాడు. సంఘంలో పేరు కొట్టేశారు. ఆర్డిస్ ఇక్కడే ఉంది. మిగిలిన ఆపిల్ తోటతో బతికింది. మా శనివారం భోజనాలకి ఆమె వండే చిక్కుడు గింజలు తినడానికి పక్క ఊళ్ళవాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. రాత్రంతా ఇనపకుండలో బెల్లప్పాకంతో మగ్గబెట్టేది. పిల్లలకి అంటు కట్టడం నేర్పేది. పంది కొవ్వు తగ్గించి ఆపిల్ పై రొట్టె చేసినవాళ్ళని చూస్తే, "ఇది తిని బతికినవాడికి బహుమతి ఇవ్వండి," అనేది. సభలో ఆమెది పొమోనా పదవి. అంటే పళ్ళ దేవత. ధాన్యానికొకరు, పళ్ళకొకరు, పూలకొకరు మా ఆడవాళ్ళు దేవతలుగా కూర్చుంటారు. దేవతంటే పెద్దగా ఏం లేదు, భుజాన పట్టీ, ముందొక చిన్న బల్ల, దాని మీద కాలానికి దొరికిన పళ్ళు. ఆ పదవిని ఆమె గుండెలకి హత్తుకుంది. ఇంట్లో మనిషి లేని ఆడదానికి ఆ హాలే ఇల్లు.

ఈ ఏడు చలి తగ్గుతుండగా మెర్టన్ తిరిగొచ్చాడు. పెళ్ళాం పోయింది, మేనకోడలి పంచన చేరాడు. మళ్ళీ సంఘంలో చేర్చుకోమని దరఖాస్తు పెట్టాడు. ఇప్పుడు మాస్టర్‌ని నేను, ఆరిన్ బీల్‌ని. కాగితం నా చేతికే ఇచ్చాడు.

"ఇంకేం కావాలి ఆరిన్, ఈ వయసులో? పోయినరోజున గోడమీద నల్లగుడ్డ కప్పి మనవాళ్ళు నా పేరు చదివితే చాలు," అన్నాడు.

ఆ మాట ఆర్డిస్‌కి చేరడానికి పూట పట్టలేదు. మర్నాడే మా కొట్టం దగ్గరకి వచ్చింది. నేను పాలు పితుకుతున్నాను.

"పేరు చదవాలటగా దొరగారికి," అంది.

"ఓటుకి ముందు అభ్యర్థి గురించి మాట్లాడకూడదు ఆర్డిస్. నీకు తెలీనిదా?"

"మాట్లాడను. తర్వాత ఎవరేం వేశారో కూడా చెప్పకూడదు, అంతేనా?"

"చెప్తే పేరు కొట్టేస్తారు."

"మరి వాడికెలా తెలుస్తుంది? ఎవరు కొట్టారో తెలియని దెబ్బ దెబ్బేనా ఆరిన్? నా చెయ్యి అని వాడికి తెలియాలి. పదహారేళ్ళు ఊరికే తుడిచానా ఆ సీసా?"

ఆవు తోకతో నా మొహాన కొట్టింది. ఆర్డిస్ నవ్వకుండా వెళ్ళిపోయింది.

ఓటు రోజు సాయంత్రం, మంచు కరిగే బురద కాలం, ముందు కింద భోజనాలు. అభ్యర్థి ఆ రోజు రావడం పద్ధతి కాదు. మెర్టన్ మాత్రం కోటు వేసుకుని, కొత్త టోపీ పట్టుకుని దర్జాగా వచ్చి కూర్చున్నాడు. ఆర్డిస్ స్వయంగా వడ్డించింది.

"నీ చిక్కుళ్ళు ఏం మారలేదు ఆర్డిస్!" అన్నాడు లొట్టలేస్తూ.

"ఏదీ మారలేదు మెర్టన్. ఇంకొంచెం వేసుకో," అని ఇంకో గరిటె వేసింది.

భోజనాలయ్యాక మేం పైకి వెళ్ళాం. మెర్టన్ కింద పొయ్యి పక్కన కాఫీతో కూర్చున్నాడు. సభ మొదలుపెట్టి పొమోనా బల్ల వైపు చూశాను. నిలవుండి ముడతలు పడ్డ నాలుగు ఆపిళ్ళ మధ్యన గడ్డి సీసా పెట్టింది. వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నోరు మెదపలేదు. నోరు మెదపకూడదన్నారు గానీ, సీసా పెట్టకూడదని మా నిబంధనల్లో ఎక్కడా లేదు.

ఓటు పెట్టె గది మధ్యలో ఉంటుంది. ఒకవైపు అరలో తెల్ల గోళీలు, నల్ల పాచికలు. చెయ్యి లోపల పెట్టి, కావలసింది తీసి లోపలి గూట్లోకి జారవిడవాలి. తెల్లదైతే రమ్మని, నల్లదైతే వద్దని. మూడు నల్లవి పడితే మనిషి రానట్టే. ఒక్కొక్కరే పొమోనా బల్ల ముందునుంచి నడిచి వెళ్ళారు. అందరి చూపూ ఆ సీసా మీదే పడింది. ముసలి హార్లన్ అయితే దాని ముందు ఆగి, ఆ బుధవారం తన గుర్రాలు ఎక్కడున్నాయో గుర్తొచ్చినట్టుంది, పళ్ళు పటపటా కొరికాడు.

పెట్టె నా ముందుకి తెచ్చారు. తెరిచాను. నల్లవి ఎన్ని ఉన్నాయో చెప్పను. నేనేం వేశానో కూడా చెప్పను. చాలినన్ని ఉన్నాయి.

"దరఖాస్తు తోసిపుచ్చడమైంది," అన్నాను. "ఎవరైనా కిందికి వెళ్ళి చెప్పాలి."

"నేను చెప్తా," అని ఆర్డిస్ లేచింది.

"కూర్చో, సిస్టర్ పొమోనా."

ఆమె భుజాన పట్టీ తీసింది. మడతపెట్టింది. ఆపిళ్ళ పక్కన పెట్టింది. "ఇప్పుడు పొమోనాని కాదుగా," అని సీసా చంకన పెట్టుకుని మెట్లు దిగింది. నా కాళ్ళు ఆగలేదు, వెనకే దిగాను.

మెర్టన్ టోపీ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని కాళ్ళు కాచుకుంటున్నాడు.

"అయిపోయిందా? ఏమన్నారు మనవాళ్ళు?"

"వద్దన్నారు," అంది ఆర్డిస్.

నవ్వాడు. నా వైపు చూశాడు. నేను నవ్వకపోయేసరికి వాడి మొహం మాడిపోయింది.

"ఎవరు? ఎవరికి నా మీద అంత కక్ష?"

"మిగతావాళ్ళ సంగతి నాకు తెలీదు. ఒకటి నాది," అని సీసా వాడి చేతిలో పెట్టింది. "ఇదిగో, ఇందుకు."

మెర్టన్ సీసాని దీపం వైపు తిప్పి చూశాడు. "ఇదేంటి, టీ ఆకా?"

నేను ఆర్డిస్ మొహం చూశాను. వాడు తిడతాడనీ, బుకాయిస్తాడనీ, కాళ్ళమీద పడతాడనీ అన్నిటికీ సిద్ధపడి వచ్చిన మనిషి. వాడు మర్చిపోయి ఉంటాడని ఆమెకి తట్టనే లేదు.

"మా పెద్దపొలం గడ్డి. లైల్ తుంటి విరిగినప్పటిది. నువ్వు శనివారం అన్నావ్."

"లైల్... పాపం మంచివాడు. ఆ ఏడు వానలెక్కువ కదూ? నేనేగా మీ ఆవుని కొని ఆదుకున్నది?"

ఇందులో నటన లేదు. వాడు నిజంగానే అలా అనుకుని హాయిగా నిద్రపోయాడు ఇన్నేళ్ళూ. నాకు వాడి గొంతు పట్టుకోవాలనిపించింది.

"మూత తియ్యి," అంది ఆర్డిస్.

"ఎందుకిప్పుడు?"

"తియ్యి."

మెర్టన్ మూత తీశాడు. పాతబూజు వాసన గదంతా నిండింది.

"చెప్పు. బుధవారం ఏం కాసింది?"

"ఆర్డిస్, నేను ముసలివాణ్ణి..."

"లైల్‌కి ముసలితనం రాలేదు. బుధవారం ఏం కాసింది?"

"...ఎండ."

"గురువారం?"

"ఎండ."

"శుక్రవారం?"

"ఎండే."

"ఎవరి పొలంలో ఉన్నాయి గుర్రాలు?"

మెర్టన్ పొయ్యి వంక చూస్తూ, "నా పొలంలో," అన్నాడు.

"శనివారం?"

"వాన."

ఆర్డిస్ సీసా లాక్కుని వాడి ఒళ్ళోని కొత్త టోపీలోకి బోర్లించింది. ఆఖరి పరక దాకా అడుగు తట్టి రాల్చింది. "నువ్వు మర్చిపోయావు, నేను మోశాను. ఇకనుంచి నువ్వు మొయ్యి," అంది.

మెర్టన్ లేచాడు. ఆ గడ్డిని పారబోసే ధైర్యం కూడా లేక, టోపీని రెండు చేతులా పట్టుకుని, బురదలో బోడితలతో నడుచుకుంటూ పోయాడు.

నిబంధన నిబంధనే. ఓటు బయటపెట్టినందుకు ఆర్డిస్ పేరు కొట్టేసింది నేనే. సంతకం పెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం నా భుజం తట్టి, "ముందే తెలుసుగా," అంది. ఇప్పుడు మా శనివారం భోజనాలకి ఎవరూ రావడం లేదు. ఆమె లేకుండా వండిన చిక్కుళ్ళు నోట పెట్టేట్టు లేవు. పొమోనా కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు.

మంచు పడే వేళకి మెర్టన్ పోయాడు. నల్లగుడ్డ కప్పలేదు, పేరు చదవలేదు. ఖననానికి వెళ్ళినప్పుడు మేనకోడలు నాతో ఒక వింత చెప్పింది. మంచం పక్కన మేకుకి తలకిందులుగా ఒక టోపీ వేలాడదీసి ఉందట, దాన్నిండా కుళ్ళుగడ్డి, ఎవరినీ ముట్టనివ్వలేదట, రాత్రిళ్ళు వారాల పేర్లు వల్లించేవాడట.

నేరుగా ఆర్డిస్ ఇంటికి వెళ్ళి ఈ మాట చెప్పాను. కొట్టుగదిలో నిలబడి వింది. ఎదురుగా అరలో ఊరగాయకీ ఆపిల్ గుజ్జుకీ మధ్యన జాగా ఖాళీగా ఉంది. ఈపాటికి మనసు కరిగి ఉంటుందనుకున్నాను.

"గడ్డి అంతా ఉందటా, ఆఖరి పరక దాకా?" అంది.

"అడగలేదు."

"అడగాల్సింది," అని, కోటు తీసుకుని, మేనకోడలి ఇంటివైపు మంచులో బయల్దేరింది.