మిగిలిన ముక్కల డబ్బా

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని వీధంతా ‘మిగులు మాస్టారు’ అంటారు. ఏ మిషన్ విప్పి బిగించినా చేతిలో ఒక ముక్క మిగిలిపోవడం ఆయనకు ముప్పై ఏళ్లుగా రివాజు. "అది లేకుండా నడుస్తోందంటే, అది అక్కర్లేదన్నమాటేగా" అని తేల్చేసి, దాన్ని బిస్కెట్ డబ్బాలో పడేస్తారు. మనిషికి జంకూ గొంకూ లేవు.

ఆయన భార్యకున్న వ్యసనం ఒక్కటే. మూతపడిన ప్రెస్సు నుంచి ఎప్పుడో తెచ్చుకున్న పాత కంప్యూటర్లో, పైనుంచి ముక్కలు రాలే ఆట. అందులో ఆవిడది నలభై ఒక్క వేల స్కోరు. ఆడపడుచు పోయిన నెల వచ్చి మూతి విరిచింది. "ఏదో గాలివాటంగా వచ్చుంటుంది వదినా. నా కళ్లెదుట ఆడి చూపిస్తే ఒప్పుకుంటా. వచ్చే నెల మొదటి ఆదివారం నాలుగింటికి వస్తా."

ఆ కంప్యూటర్ నిద్ర లేవడానికే పావుగంట పడుతుంది. చెల్లెలి ముందు భార్య పరువు పోకూడదని మాస్టారు నడుం కట్టారు. ఆ ఆదివారం పొద్దున్నే పాత సామాన్ల కొట్టు నుంచి వేగమైన ప్రాసెసర్, రెండు మెమరీ బద్దలు తెచ్చి, నేల మీద దుప్పటి పరిచి పెట్టె విప్పారు. లోపల దిండుకు సరిపడా దుమ్ము, రెండు బల్లిగుడ్లు, పోయిందని ఆవిడ ఇల్లంతా వెతికిన జడపిన్ను ఉన్నాయి. పాత ప్రాసెసర్ తీసి కొత్తది కూర్చోబెట్టారు. మెమరీ బద్దలు టక్కుమని నొక్కారు. గురగురలాడే ఫ్యానుకు అలవాటుకొద్దీ మిషన్ నూనె రెండు చుక్కలు వేశారు. ముందువైపు ఇంట్లో ఎవరూ ఎన్నడూ నొక్కని బటన్ ఒకటుంది. దాని తీగ చేతికి అడ్డమొస్తుంటే, బటన్‌తో సహా పీకి డబ్బాలో వేశారు.

స్విచ్ వేస్తే అర నిమిషంలో లేచి కూర్చుంది కంప్యూటర్. ఆవిడ ముఖం చేటంత అయింది. ఆట మొదలుపెట్టింది. ముక్కలు వడగళ్లలా కురిశాయి. ఏడు సెకన్లలో ఆట అయిపోయింది.

"ఏవండీ, దీన్నేం చేశారు?"

"వేగం పెంచాను."

"ఆటక్కూడా పెంచమని ఎవరడిగారండీ!"

యంత్రం ఎంత వేగంగా నడిస్తే ఆ కాలపు ఆట అంత వేగంగా పరుగెడుతుందని పాపం ఆయనకేం తెలుసు? పోనీ పాత ప్రాసెసరే పెడదామని చూస్తే, అది దుప్పటి మీద మాస్టారి కిందే ఉంది. దాని సూదులన్నీ వంగిపోయాయి.

కొట్టువాడికి ఫోన్ చేశారు. "దానికేముంది మాస్టారూ! ముందు బటన్ ఉంటుంది చూడండి, పాత ఆటల కోసం వేగం తగ్గించేది. అది నొక్కండి, చాలు."

మాస్టారు ఫోన్ పెట్టేసి పరుగెత్తారు. డబ్బా బోర్లించి ముప్పై ఏళ్ల ముక్కల్లో వెతుకుతుండగానే ఆడపడుచు దిగింది. తీగ దొరికేసరికి భార్య అప్పటికే రెండు ఆటలు ఓడింది, ఒక్కోటీ ఏడు సెకన్లు. ఆడపడుచు కిసుక్కున నవ్వుతోంది. వదినగారికి కళ్లలో నీళ్లొక్కటే తక్కువ.

"అన్నయ్య బల్ల కింద దూరాడేంటి?"

"స్క్రూ పడిపోయిందమ్మా!"

ఆయన నోట ఆ మాట వస్తే ఎవరూ అనుమానించరు. బల్ల కిందున్న కంప్యూటర్ పెట్టెకి తీగ తగిలించి బటన్ నొక్కారు. మూడో ఆటలో ముక్కలు బుద్ధిగా, ఒకదాని వెనక ఒకటి దిగాయి. ఆవిడ వేళ్లు కదిలాయి. నలభై రెండు వేలు!

"ఇప్పుడు నేను" అని ఆడపడుచు కూర్చుంది. బల్ల కింద మాస్టారి వేలు మళ్లీ బటన్ మీదికి పాకింది. భార్య కాలు ఆ చేతిని తొక్కిపట్టింది.

"దొంగ గెలుపు నాకొద్దు" అంది గుసగుసగా.

ఆడపడుచుకి పన్నెండు వేలొచ్చాయి. "గాలివాటం కాదులే వదినా" అని ఒప్పుకుని, టీ తాగి వెళ్లింది.

ఆవిడ డబ్బా తెచ్చి మాస్టారి ఒళ్లో పెట్టింది. "ఒక్క ముక్క తీసేస్తేనే నా పరువు ఏడు సెకన్లలో పోబోయింది. ఇందులో ఇంకా ఎంతమంది పరువుందో! రేపే ఎవరిది వాళ్లకి పెట్టి రండి."

మర్నాడు మాస్టారు డబ్బా చంకనెట్టుకుని మొదటి దర్జీ కొట్టు మెట్టెక్కారు. దర్జీ డబ్బా వంక చూశాడు. గబుక్కున లేచి, రెండు చేతులూ చాచి మిషన్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"పదిహేనేళ్లుగా తిన్నగా కుడుతోంది మాస్టారూ. దణ్ణం పెడతా, దీని జోలికి రాకండి."